మహారాజశ్రీ ఉరితాడు గారికి

మహారాజశ్రీ ఉరితాడు గారికి, కందుకూరు దగ్గర ఒక పల్లె నుంచి ఒక పొగాకు రైతు కొడుకు నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి. ఇక్కడ మేమందరం క్షేమం, తమరు కూడా అక్కడ క్షేమమని తలుస్తాను అని రాయబోయి ఆగిపోయాను. మీరు పనీపాటా లేకుండా చుట్టలు చుట్టుకుని మూల పడి ఉన్నారంటే ఎవరి మెడో క్షేమంగా ఉన్నట్టు, మీకు చేతినిండా పని దొరికిందంటే... సరే, క్షేమం సంగతి వదిలేద్దాం.

విలాసం దగ్గర కూడా కాస్త తికమక పడ్డాను. మాకే సరిగ్గా లేదనుకోండి, 2022లో జిల్లాలు చీల్చినప్పుడు ప్రకాశంలో పడుకున్నవాళ్ళం నెల్లూరులో లేచాం. మీ పుట్టిల్లు మాత్రం బీహార్‌లో గంగ ఒడ్డున ఉన్న బక్సర్ సెంట్రల్ జైలని పేపర్లో చదివాను. 2020 మార్చి 20న తీహార్‌లో నలుగురిని ఉరి తీసినప్పుడు తాళ్ళు అక్కడినుంచే వెళ్ళాయట. మిమ్మల్ని పేనేది ఖైదీలేనట. చేపల చేతే వల అల్లించడం అన్నమాట, రామాయపట్నం రేవులో ఈ మాట చెబితే సగం మంది నవ్వారు, సగం మంది నవ్వలేదు.

మీ భోగం గురించి కూడా విన్నాను. మనిషికి వెయ్యకముందు ఆ మనిషి బరువుకి ఒకటిన్నర రెట్లు బరువున్న ఇసుక బస్తాని వేలాడదీసి మిమ్మల్ని పరీక్షిస్తారట, మెత్తబడాలని వెన్నో బాగా పండిన అరటిపండో రుద్దుతారట. గవర్నమెంటు ఒక వస్తువు కొని ఇంత జాగ్రత్తగా పరీక్షించడం నా నలభై ఎనిమిదేళ్ళలో వినలేదు. మా వాగు మీద చప్టాకి ఒకటిన్నర రెట్లు అక్కర్లేదు, ఒక రెట్టు బరువు పెట్టి చూసుకున్నా రెండో వానాకాలానికే కొట్టుకుపోయేది కాదు.

తాళ్ళంటే నాకు కొత్త కాదండీ. మాది తాళ్ళ ఇల్లు. గేదెకి పలుపు, ఎద్దుకి ముకుతాడు, బండికి మోకు, బావికి చేంతాడు, మంచానికి నులక, పొగాకు ఆకుని కర్రలకి అల్లడానికి పురికొస, వీటన్నిటి మధ్య పెరిగాను. పదేళ్ళప్పుడు ఒకసారి దూడని కట్టెయ్యమంటే మెడకి జారుముడి వేసి వచ్చా. అది తల్లి దగ్గరికి పోదామని లాగినకొద్దీ ముడి బిగుసుకుపోయి కళ్ళు తేలేసింది. మా తాత పరిగెత్తుకొచ్చి కొడవలితో తాడు కోసి, ఆ తర్వాత నా చెవి పట్టుకున్నాడు. "ఒరే అబ్బయా, మెడకి వేసే ముడి బిగుసుకోకూడదు, నాలుగేళ్ళు దూరాలి. గుంజకి వేసే ముడి ఒక్క లాగుతో ఊడిపోవాలి. రేపు వామికి నిప్పంటుకుంటే నువ్వు ముడి విప్పుకుంటా కూర్చుంటావా?"

ఆయన రెండో తరగతి చదివాడు. శిక్షాస్మృతి అనే మాట కూడా ఆయనకి తెలీదు. మిమ్మల్ని చూడగానే నాకు గుర్తొచ్చేది ఆయనే, ఎందుకంటే ఆయన చెప్పిన రెండు సూత్రాలూ మీలో తలకిందులయ్యాయి. మెడ దగ్గర బిగుసుకోవడమే మీ ఉద్యోగం. పొరపాటు జరిగిందని తెలిశాక విప్పే దారేదీ మీలో లేదు.

ఇంతకాలం మీ భజన చేసినవాడు ఇప్పుడెందుకు ఎదురు తిరిగాడని మీకు అనుమానం రావచ్చు. నిజమే, చేశాను. 2019 డిసెంబర్ 6న హైదరాబాద్ దగ్గర దిశ కేసులో నలుగురు నిందితుల్ని పోలీసులు కాల్చేసినప్పుడు మా వాట్సాప్ గ్రూపులో పొద్దున్నే మొదటి దండం బొమ్మ పెట్టింది నేనే. కింద "ఉరి కూడా దండగ" అని రాశా. ఊళ్ళో టపాకాయలు కాల్చారు. వారం తిరిగేసరికి మన అసెంబ్లీ దిశ బిల్లు పాస్ చేసింది, తగినంత సాక్ష్యం ఉన్న కేసుల్లో 21 పనిదినాల్లో తీర్పు చెప్పి మరణశిక్ష వేసెయ్యాలని. 21 పనిదినాలంటే తెలుసుగా, మా పాస్‌బుక్‌లో ఒక అక్షరం తప్పు సరిచేయించుకోవడానికి నాకు పట్టిన కాలంలో పదో వంతు కూడా కాదు. ఆ బిల్లుకి రాష్ట్రపతి ఆమోదం రానేలేదు. సుప్రీంకోర్టు వేసిన సిర్పుర్కర్ కమిషన్ రిపోర్టు 2022లో బయటికొచ్చింది, ఆ కాల్పులు చంపాలన్న ఉద్దేశంతోనే జరిగాయని, నలుగురిలో ముగ్గురు అప్పటికి మైనర్లని. ఆ రోజు గ్రూపులో ఎవరూ ఏ బొమ్మా పెట్టలేదు. నేనూ పెట్టలేదు. పాత మెసేజ్ వెతికి తీసేద్దామంటే "ఇప్పుడు తొలగించడం కుదరదు" అని వచ్చింది. ఫోనుకి కూడా మీ బుద్ధే.

మీ పక్షాన నిలబడేవాళ్ళని నేను వెటకారం చెయ్యను, వాళ్ళలో మా మేనమామ ఒకడు. ఆయన లారీ డ్రైవరు. 2008 ప్రాంతంలో మా ఒంగోలు హైవే మీద ఒక ముఠా రవాణా శాఖ అధికారుల్లా నటించి ఇనుము లోడుతో వెళ్ళే లారీలు ఆపి, డ్రైవర్లనీ క్లీనర్లనీ చంపి పూడ్చిపెట్టి, సరుకు అమ్ముకునేది, లారీల్ని ముక్కలు చేసేది. ఆ సంగతి బయటపడ్డాక మామ బండెక్కితే మా అత్త తిరిగొచ్చేదాకా నిద్రపోయేది కాదు. 2021 మేలో ఒంగోలు కోర్టు ఆ కేసుల్లో 12 మందికి ఉరిశిక్ష వేసింది. మామ ఫోన్ చేసి, "అల్లుడూ, వాళ్ళని ఉరి తీసిన రోజు ఊరందరికీ బిరియానీ నా ఖర్చు" అన్నాడు. వెనకనుంచి అత్త గొంతు వినబడింది: "తీస్తే తియ్యనీ. ఆ చచ్చిపోయిన క్లీనర్ పిల్లోడి తల్లికి నెలకి ఏమన్నా వస్తందా, ముందు అది కనుక్కో." మామ ఫోన్ పెట్టేశాడు.

మీకు జడిసి నేరాలు ఆగిపోతాయని మీ భక్తులు అంటారు కదా, ఈ ముఠా సంగతే చూడండి. హత్యకి ఉరి ఉందని వాళ్ళకి తెలీదా? తెలుసు. ఎక్కడో వేరే రాష్ట్రం నుంచి బయల్దేరిన లారీ మా దగ్గర మాయమైతే వెతికేవాడెవడూ ఉండడని కూడా వాళ్ళకి తెలుసు, వాళ్ళ ధైర్యమంతా అక్కడిది. ఒక రాష్ట్రం పోలీసులు ఇంకో రాష్ట్రం వాళ్ళకి వెంటనే ఫోన్ చేసే ఏర్పాటుంటే మీకంటే బాగా పనిచేసేది. ఇక మా పల్లెల్లో జరిగే హత్యలు చాలావరకు గట్టు తగాదాలో, తాగుడులో, అనుమానంతో జరిగేవి. పార ఎత్తినవాడు ఎత్తే ముందు ఏ సెక్షన్ పడుతుందో చూసుకుని ఎత్తుతాడా? యావజ్జీవం కంటే ఉరి ఎక్కువ భయపెడుతుందనడానికి ఆధారాలు లేవని 2015లో జస్టిస్ ఏ.పి. షా అధ్యక్షతన లా కమిషనే తేల్చింది. ఉగ్రవాదం, దేశం మీద యుద్ధం తప్ప మిగతా నేరాలన్నిటికీ మిమ్మల్ని పక్కన పెట్టమని సిఫార్సు కూడా చేసింది. ఆ రిపోర్టు నెంబరు 262. మీకు ఇసుక బస్తాతో చేసే పరీక్షలో పదో వంతు శ్రద్ధతో దాన్ని ఎవరైనా చదివుంటే బాగుండేది.

1980లో బచన్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు మీకో గీత గీసింది, అత్యంత అరుదైన కేసుల్లోనే మీరు బయటికి రావాలని. బాగానే ఉంది. కానీ అరుదు అని తేల్చేదెట్లా? మా ఒంగోలు గిత్తని పదిమంది పెద్దరైతుల ముందు నిలబెట్టండి, మూపురం, గంగడోలు, నడక చూసి పదిమందీ ఒకే మాట చెబుతారు. ఇక్కడ అదే కేసు ఒక జడ్జికి అత్యంత అరుదు, పైకోర్టు జడ్జికి మామూలు. ఢిల్లీలోని జాతీయ న్యాయ విశ్వవిద్యాలయం వాళ్ళు 2016లో లెక్క తీస్తే, కింది కోర్టుల్లో ఉరి పడినవాళ్ళలో చివరిదాకా ఆ శిక్ష నిలిచింది నూటికి 5 మందికి కూడా కాదు, దాదాపు 30 మంది ఏకంగా నిర్దోషులుగా బయటికొచ్చారు. నూటికి 95 తప్పులు కొట్టే త్రాసుని మా పొగాకు వేలం కేంద్రంలో పెడితే రైతులు దాన్ని ఎత్తి రోడ్డు మీద పారేస్తారు.

ఉత్తరప్రదేశ్‌లో ఒకే కేసులో ముగ్గురికి ఒకే తీర్పుతో ఉరి పడింది. ముగ్గురూ వేర్వేరుగా సుప్రీంకోర్టుకెళ్ళారు. ఒకతని శిక్ష యావజ్జీవంగా మారింది. ఇంకొకతని పిటిషన్ కొట్టేశారు, 1981లో ఉరి తీసేశారు. మూడో అతను హర్బన్స్ సింగ్, మిగతా ఇద్దరి సంగతీ అప్పుడు కోర్టు కళ్ళబడింది కాబట్టి బతికాడు. నేరం ఒకటే, పాత్ర ఒకటే, తేడా అల్లా ఏ రోజు ఏ బెంచి ముందుకెళ్ళారన్నదే. చెప్పండి, ఇది న్యాయమా, లాటరీనా? లాటరీ అయితే మన రాష్ట్రంలో నిషేధం కూడా.

ఇంకోటి చెబుతా, ఇకనుంచి "మీరు" అనలేను, మా ఇంట్లో తాళ్ళని ఎవరూ గారు పెట్టి పిలవరు. మహారాష్ట్రలో 2003లో జరిగిన ఒక ఘోరంలో ఆరుగురు పేద సంచార జాతి మనుషుల్ని పట్టుకున్నారు. హైకోర్టు ముగ్గురికి ఉరి తగ్గిస్తే, 2009లో సుప్రీంకోర్టు ఆరుగురికీ నిన్నే ఖాయం చేసింది. 2019లో అదే సుప్రీంకోర్టు ఆరుగురూ నిర్దోషులని చెప్పి, మనిషికి 5 లక్షలు ఇమ్మంది. దేశంలో దానిపైన ఇంకో కోర్టు లేదు. అంటే చిట్టచివరి మెట్టు మీద నిలబడి చెప్పిన మాటే తప్పయింది. వాళ్ళు బతికుండబట్టి 5 లక్షలు తీసుకోవడానికి చేతులున్నాయి. ఈ పదేళ్ళలో ఏదో ఒక శుక్రవారం తెల్లవారుజామున నీ పని నువ్వు కానిచ్చేసుంటే ఆ డబ్బు ఎవరి చేతిలో పెట్టేవాళ్ళు?

మహారాష్ట్ర దాకా ఎందుకు. 2007లో విజయవాడ దగ్గర ఒక హాస్టల్లో ఒక విద్యార్థినిని దారుణంగా చంపారు, మన తెలుగువాళ్ళు ఎవరూ మర్చిపోలేదు. ఒక దళిత కుర్రాణ్ణి పట్టుకొచ్చి వీడే అన్నారు. సరిగ్గా నడవలేని స్థితిలో ఉన్న పిల్లోణ్ణి చూసి కూడా మా టీ కొట్టు దగ్గర "రోడ్డు మీద ఉరి తియ్యాలి" అన్నవాళ్ళే ఎక్కువ, టీ తాగుతూ నేనూ తల ఊపాను. అదృష్టం కొద్దీ 2010లో కోర్టు అతనికి వేసింది యావజ్జీవం. 2017లో హైకోర్టు అతను నిర్దోషి అని వదిలిపెట్టింది. ఎనిమిదేళ్ళకి పైగా జైల్లో పోయాయి, కానీ అమ్మ దగ్గరికి ఇంటికొచ్చాడు. గుంజకి వేసిన ముడి, ఆలస్యంగానైనా, ఊడింది. ఆ టీ కొట్టు దగ్గర మేము కోరుకున్న ముడి వేసుంటే?

నీకో జబ్బుంది, దాని గురించి ఎవరూ నీ ముఖాన చెప్పరు. బంగారు గొలుసు వేసుకున్న మెడలు నీకు పడవు. ఆ యూనివర్సిటీ వాళ్ళే ఉరి పడి జైళ్ళలో ఉన్నవాళ్ళని కలిసి మాట్లాడితే, ప్రతి నలుగురిలో దాదాపు ముగ్గురు ఆర్థికంగా అడుగున ఉన్నవాళ్ళేనని తేలింది. మా పక్కనే చిలకలూరిపేట, 1993లో బస్సు తగలబెట్టిన కేసు. 23 మంది కాలిపోయారు, ఆ నేరాన్ని తక్కువ చేసి మాట్లాడను, అప్పుడు నేను ఇంటర్. దొంగతనానికి బస్సెక్కిన ఇద్దరు పేద దళిత యువకులకి ఉరి పడింది. 1997 మార్చిలో తేదీ కూడా ఖాయమైంది. పౌరహక్కుల వాళ్ళు, రచయితలు పరిగెత్తబట్టి ఆఖరి గంటల్లో ఆగింది, తర్వాత రాష్ట్రపతి దాన్ని యావజ్జీవంగా మార్చారు. సారా పారించి, కల్తీ మందులమ్మి, గట్టు తెగుతుందని తెలిసీ చెరువుని అలాగే వదిలేసి 23 మంది కంటే ఎక్కువ మందిని పొట్టనబెట్టుకున్నవాళ్ళ దాకా నువ్వు ఎన్నడన్నా పోయావా? నీ పొడవు చాలదా?

రాజ్యాంగ సభలో 1949 జూన్‌లో అంబేద్కర్ ఈ సంగతే ఎత్తారు. ఉరి కేసుల్లో అప్పీలు ఎక్కడిదాకా ఉండాలని సభ చర్చిస్తుంటే, దానికంటే అసలు మరణశిక్షనే రద్దు చెయ్యడానికి నేను మద్దతిస్తానన్నారు. మా ఊరి సెంటర్లో ఆయన విగ్రహం ఉంది, ఏప్రిల్ 14న దండలేసి ఉపన్యాసాలిస్తాం. ఈ ఒక్క ముక్క మాత్రం ఇంతవరకు మైకులో వినలేదు.

జైల్లో కూర్చోబెట్టి మేపడం ఎందుకని మామ అడుగుతాడు. మేపడం లేదు మామా, పని చేయిస్తారు అంటే నమ్మడు. ఆ పనుల్లో ఒకటి నిన్ను పేనడమేనని చెప్పాల్సింది, అప్పుడు తట్టలేదు.

నెల్లూరు సెంట్రల్ జైలు ఇప్పుడు చెముడుగుంటలో ఉంది, మా వాళ్ళు తిరుపతి వెళ్తుంటే బస్సులోంచి ఆ దారిలోనే చూపిస్తారు. నువ్వు ఆ వైపు రావద్దనే ఈ ఉత్తరం. వస్తే మాత్రం ఉద్యోగం మానుకుని రా. పని చూపిస్తా. బావికి మోటరొచ్చాక చేంతాడు అక్కర్లేదు, బండి అమ్మేశాం కాబట్టి మోకూ అక్కర్లేదు. మనవరాలి ఉయ్యాల ఒకటుంది గానీ నీ చరిత్ర తెలిస్తే మా ఆవిడ గుమ్మం ఎక్కనివ్వదు. గేదెకైతే ఖాయం. మూడో ఈత, బలమైన మెడ, పోయిన వారమే నైలాన్ తాడు తెంపేసింది. ముడి నేనే వేస్తాలే, తాత వేసినట్టు.

ఉంటాను మరి. అదిగో, మళ్ళీ అరుస్తోంది.

ఇట్లు,
కందుకూరు నుంచి,
జారుముడి మానేసినవాడు