స్విచ్ ఆపితే ఏమవుతుంది?

ఇంట్లో తిరిగే రోబో అనగానే ఇప్పుడు అందరి కళ్లూ మనిషి ఆకారం మీదే. 2025 అక్టోబరులో వన్‌ఎక్స్ కంపెనీ తన ‘నియో’కి 20 వేల డాలర్ల ధర పెట్టి బుకింగులు తెరిచాక ఈ మోజు ఇంకా ముదిరింది. ఏ రోబో వీడియో చూసినా నాకు ముందు వచ్చే ప్రశ్న ఒక్కటే. అది నడుస్తుండగా కరెంటు తీసేస్తే ఏమవుతుంది?

రెండు కాళ్లదైతే కూలబడుతుంది. అలాంటి యంత్రం నిలబడటమంటేనే క్షణక్షణం మోటార్లతో ఒళ్లు సర్దుకోవడం. ఫ్యాక్టరీలో మెషీన్ దారి తప్పితే ఎర్ర బటన్ నొక్కుతారు, అది ఆగుతుంది, గండం తప్పుతుంది. రెండు కాళ్ల రోబోకి ఆ బటన్ నొక్కడంతోనే గండం మొదలవుతుంది. నియో తేలికైనదే అంటున్నారు, 30 కిలోలు. పాకే పాప మీద పడటానికి 30 కిలోలు తక్కువా?

అదే బరువంతా నేలకు దగ్గరగా పెట్టుకున్న చక్రాల బండిని చూడండి. ఆపితే ఆగుతుంది, అంతే. 2020లో హలో రోబో సంస్థ తెచ్చిన ‘స్ట్రెచ్’ నాకు నచ్చింది ఇందుకే. కింద అడుగు చదరానికి కాస్త ఎక్కువ చోటు పట్టే పీట, దాని మీద నిలువు స్తంభం, ఆ స్తంభం మీద పైకీ కిందికీ జరుగుతూ పక్కకు సాగే ఒకే ఒక్క సన్నని చెయ్యి. మొత్తం 23 కిలోలు. చెయ్యి తేలిక కాబట్టి చాచినా బండి ఒరగదు. చూడ్డానికి అందంగా ఉండదు, కానీ కింద పడ్డ మందు సీసా తీసివ్వడానికి అందం అక్కర్లేదు. 2002లో వచ్చిన ఊడ్చే రోబో ‘రూంబా’ గుండ్రంగా ఉండటం వెనకా ఇలాంటి బుద్ధే ఉంది. మూలలు లేని వస్తువు ఎక్కడ ఇరుక్కున్నా ఉన్నచోటే తిరిగి బయటపడగలదు.

అసలు కష్టం నేల దగ్గరుంది. మా ఇంట్లో ఊడ్చే రోబో ఒకరోజు ఫోన్ చార్జర్ వైరును బ్రష్‌లోకి చుట్టుకుని, ఫోన్‌తో సహా మంచం కిందకు లాక్కుపోయింది. నెత్తిన లేజర్ ఉంది, గదంతా కొలుస్తుంది. కానీ ఆ లేజర్ తిరిగే ఎత్తుకు కింద, నేలను అంటుకుని ఉన్న వైరు దానికి లేనట్టే. నల్ల తివాచీ దగ్గరికొచ్చి మరీ ఆగిపోతుంది. అంచు పసిగట్టే ఇన్‌ఫ్రారెడ్ వెలుగును నలుపు మింగేస్తుంది, అది తిరిగి రాకపోయేసరికి ముందు మెట్లున్నాయని భయపడుతుంది. డిజైనర్లు తలలు బద్దలు కొట్టుకోవాల్సింది ఈ వైర్లూ, తివాచీలూ, గడపల దగ్గర.

ఇళ్లు మనుషుల కోసం కట్టారు, మెట్లున్నాయి, అందుకే కాళ్లు కావాలని అవతలివాళ్ల వాదన. మెట్ల మాట నిజమే. కానీ ఒక్క అంతస్తులో నమ్మకంగా పనిచేసే రోబోయే ఇంకా సరిగా చేతికి రాలేదు. ముందు అది రానివ్వండి.

ఇదే ప్రశ్న ఇంకోచోట కూడా అడగాలి, అక్కడ నాకు నిజంగా కోపం వస్తుంది. రోబోకి దూరం నుంచి బుర్రలా పనిచేసే తన సర్వర్‌ను కంపెనీ ఆపేస్తే ఏమవుతుంది? సుమారు 900 డాలర్లు పెట్టి కొన్న, కబుర్లు చెప్పే ఇంటి రోబో ‘జీబో’ 2019లో తన యజమానులకు తానే వీడ్కోలు చెప్పింది. సర్వర్లు ఆపేస్తున్నారని దాని నోటితోనే చెప్పించారు. 2024 చివర్లో పిల్లల రోబో ‘మాక్సీ’ వంతు. రోజూ దాంతో కబుర్లు చెప్పుకునే పసివాళ్లకు ఏం చెప్పాలో తెలియక తల్లిదండ్రులు టెన్షన్ పడ్డారు. మోటార్లు బాగున్నాయి, బ్యాటరీ నిండుగా ఉంది, అయినా చచ్చిన వస్తువే. ఇలాంటిదాన్ని కొన్నామనుకోవాలా, అద్దెకు తెచ్చుకున్నామనుకోవాలా?

అందుకే ఇంటి మ్యాప్ రోబోలోనే ఉండాలి. కెమెరా చూసింది గడప దాటకూడదు. నెట్ తీసేసినా బటన్ నొక్కితే పని మొదలవ్వాలి. ఇవి దానికి బ్రేకుల్లాంటివి, తర్వాత తగిలించే సోకులు కావు. చేయలేమని కంపెనీలు అనడానికి లేదు. మాక్సీని సొంత కంప్యూటర్‌తో నడుపుకునే దారిని తయారుచేసినవాళ్లే చివర్లో చూపించారు. దుకాణం మూసేటప్పుడు ఇవ్వగలిగింది అమ్మిన రోజే ఎందుకు ఇవ్వలేదు?