ఆన్సర్ కీ గారికి ఒక మేనమామ విన్నపం

మహారాజశ్రీ ఆన్సర్ కీ గారి దివ్య సముఖమునకు,

మా మేనకోడలి డిగ్రీ ఇంగ్లీషు జవాబుపత్రం జిరాక్స్ నిన్న చేతికొచ్చింది. ఐర్లండ్ రచయిత జోనథన్ స్విఫ్ట్ కరపత్రం ‘ఎ మోడెస్ట్ ప్రపోజల్’లో వ్యంగ్యం, ఐరనీ, లాజికల్ అప్పీల్ (అంటే తర్కంతో ఒప్పించడం) చర్చించమన్నారు. పిల్ల పేజీలకు పేజీలు రాసింది. తమరు పదికి మూడు దయచేయించారు. ధన్యులం.

సైడ్ హెడింగుల కింద గీత కొట్టలేదని అర మార్కు కోశారు, సరే. ‘వ్యంగ్యం అంటే నవ్వు పుట్టించేది’ అన్న మీ నిర్వచనం దించలేదని ఇంకొంత కోశారు, అదీ సరే. పంటలు పోయి జనం అడుక్కుతింటున్న ఐర్లండ్ గురించి 1729లో వేసిన ఆ కరపత్రంలో మీకు నవ్వెక్కడ దొరికిందో మరి!

లాజికల్ అప్పీల్ దగ్గరే నాకు నిద్ర పట్టడం లేదు. ‘రచయిత గణాంకాలతో తన వాదనను బలపరిచాడు’, ఇదట జవాబు. ఏ వాదనండీ? ఏడాది నిండిన పేదపిల్లల్ని డబ్బున్నవాళ్ల భోజనానికి అమ్మాలన్నదా? స్విఫ్ట్ డబ్లిన్‌లో సెయింట్ పాట్రిక్ చర్చికి డీన్, అంటే ఆ చర్చికి పెద్ద; ఆయన ఆ మాట అంటాడా? ఆ లెక్కలు వేసేది ఆయన కల్పించిన ఒక పెద్దమనిషి. పిల్లలు 1,20,000 మందట. సంతతి కోసం 20,000 మందిని ఉంచి, మిగతా లక్షమందినీ అమ్మేయాలట. ఏడాది పెంపకానికి రెండు షిల్లింగులు, అమ్మితే పది, తల్లికి మిగిలేది ఎనిమిది. లెక్కలో ఎక్కడా తప్పు లేదు. మనుషుల్ని పద్దుల్లో రాసుకునే మేధావుల గొంతుతోనే మాట్లాడి, వాళ్ల గొంతు పట్టుకున్నాడాయన. మా పిల్ల రాసిందీ అదే: ‘లెక్క సరిపోయింది కాబట్టే కడుపులో తిప్పుతుంది’. దాని పక్కన ఎర్ర ఇంకుతో ‘పాయింట్ లేదు’.

పాయింట్ లేదా? తల్లిదండ్రుల్ని ఎటూ మింగేశారు కాబట్టి పిల్లల మీద మొదటి హక్కు భూస్వాములదే అంటాడే, అది మీకు ఆనలేదా? దేశంలో ఉండకుండా ఆదాయం దండుకునేవాళ్ల మీద పన్ను, స్వదేశీ సరుకే వాడటం, కౌలుదార్ల మీద కాస్త కనికరం, ఇలా నిజంగా చేయాల్సినవన్నీ ఏకరువు పెట్టి, ‘ఇవేవీ నా దగ్గర ఎత్తొద్దు’ అని ఆ పెద్దమనిషి చేత కొట్టిపారేయిస్తాడు. స్విఫ్ట్ కోరుకున్నవన్నీ ఆ ఒక్క పేరాలోనే ఉన్నాయి! మీరేమో ఐరనీ అంటే ‘చెప్పేదొకటి, అర్థం ఇంకొకటి’ అని రెండు మార్కులకు దులిపేసుకున్నారు. ఆ పేరా చదివే ఉంటే ఈ ముక్క రాయడానికి చెయ్యి రాదు. చదవలేదు మీరు. చదవకుండానే, చదివిన పిల్ల రాసిన పాయింటుకు సున్నా చుట్టారు.

దిద్దినాయన్ని ఏమీ అనను. ముందు గుట్టలుగా పేపర్లు, చేతిలో మీరొక్కరే. ఆయనా ఎప్పుడో మీ చేతిలో నలిగినవాడే అయ్యుంటాడు.

రీవాల్యుయేషన్‌కి ఫీజు కట్టాం. ఈసారి మీ పక్కన ఆ కరపత్రం కూడా పెట్టించండి. చిన్నదే, ఒక పూట కూడా పట్టదు.

ఇట్లు,
ఒళ్లు మండుతున్న ఒక మేనమామ