మా ఇంటి నెట్‌వర్క్ అడ్మినిస్ట్రేటర్ గారికి అర్జీ

మహారాజశ్రీ నెట్‌వర్క్ అడ్మినిస్ట్రేటర్ గారి సముఖానికి,

విజయనగరం నుంచి ఒక గృహస్థు రాసుకున్న మనవి.

విషయం: సొంత ఇంట్లో, సొంత కంప్యూటర్లో, సొంత ఫైలు చూసుకోవడానికి అనుమతి కోరుట.

అయ్యా,

మొన్న ఆదివారం భోజనాలయ్యాక మొదలుపెడితే దీపాలు పెట్టే వేళ దాకా తమరి గుమ్మంలో పడిగాపులు కాశాను. కింద కంప్యూటర్లోంచి మేడ మీద కంప్యూటర్ని తెరవబోయిన ప్రతిసారీ తెర మీద ఒక పెట్టె, అందులో ఒకటే జవాబు: "మీకు అనుమతి లేదు. అనుమతి కోసం మీ నెట్‌వర్క్ అడ్మినిస్ట్రేటర్‌ని సంప్రదించండి." సంప్రదిద్దామనే ఉందండీ. తమరు ఎక్కడుంటారు?

ఇల్లంతా వెతికాను. రేషన్ కార్డులో తమరి పేరు లేదు. కరెంటు బిల్లు నేను కడుతున్నాను, ఇంటర్నెట్ బిల్లూ నేనే. మా ఆవిడని అడిగితే "ఈ ఇంట్లో ఎవరి అనుమతి కావాలో మీకు తెలీదా?" అంది కానీ, ఆవిడ ఒప్పుకున్నా పెట్టె ఒప్పుకోలేదు. చివరికి సెట్టింగ్స్‌లోకి వెళ్లి చూస్తే నా పేరు కింద చిన్న అక్షరాల్లో "అడ్మినిస్ట్రేటర్" అని ఉంది. అంటే నన్ను నేను సంప్రదించుకోవాలి. సంప్రదించుకున్నాను. ఇచ్చేశాను అనుమతి. అయినా అదే పెట్టె!

అడిగింది పెద్ద వరమేం కాదు. మా మేనల్లుడు పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం (పూజారి చివర కూర్చుంటే పొడవాటి మానుని ఊరేగించే మా ఊరి జాతర) మొత్తం కెమెరాతో తీసి, మేడ మీద సీపీయూలో ఎక్కించి బెంగళూరు బస్సెక్కేశాడు. మోకాళ్ల నొప్పులతో ఈ ఏడాది వెళ్లలేకపోయిన మామ్మకి హాల్లో టీవీకి తగిలించిన పాత కంప్యూటర్లో అది చూపించాలి. పెన్‌డ్రైవ్‌లో పడదు. ఫ్యాట్32 అనే పాత పద్ధతిలో ఫార్మాట్ చేసిన పెన్‌డ్రైవ్ 4 జీబీ దాటిన ఫైలుని తీసుకోదు. (ఫార్మాట్ మార్చేయొచ్చుగా అనే మేధావులకి: అందులో మామ్మ భజన పాటలున్నాయి, ఫార్మాట్ చేస్తే చెరిగిపోతాయి, వచ్చి ముట్టుకోండి చూద్దాం.) దసరా వెళ్లిన మంగళవారం అంత జనంలో, మూడు లాంతర్ల దగ్గర చదురుగుడి నుంచి కోట దాకా మూడుసార్లు తిరిగొచ్చిన సిరిమాను, మా మేడ మీద గదిలోంచి కింది హాల్లోకి రాలేకపోయింది. మామ్మ గంటకోసారి కేక: "అమ్మోరు ఇంకా మేడ దిగనేదేటిరా?"

తమరి సిబ్బంది గురించి కూడా రెండు ముక్కలు. కొత్త రౌటర్ పెట్టాక మా హాలుని "పబ్లిక్" నెట్‌వర్క్ అని రాసుకున్నారు. ఇదేమన్నా ఆర్టీసీ కాంప్లెక్సా? "ప్రైవేట్" అని మార్చి, నెట్‌వర్క్ డిస్కవరీ ఆన్ చేస్తే గానీ ఒక కంప్యూటర్ మొహం ఇంకో కంప్యూటర్‌కి కనబడలేదు. కనబడ్డాక యూజర్ నేమ్, పాస్‌వర్డ్ చెప్పమన్నారు. రోజూ పొద్దున్న కంప్యూటర్ తెరిచే పిన్ కొడితే తప్పన్నారు. పిన్ ఆ ఒక్క మెషీన్ వరకేనట, నెట్‌వర్క్ మీద చెల్లదట. అసలు పాస్‌వర్డ్ కావాలట. అది కొన్ననాడు పెట్టింది, ఇప్పుడెవరికి గుర్తుంటుంది?

హోమ్‌గ్రూప్ అని ఒకటుండేది, ఇంటిల్లిపాదికీ ఒకటే పాస్‌వర్డ్. 2009లో విండోస్ 7తో వచ్చింది, విండోస్ 10లో 2018లో పీకేశారు. ఎవరికి అడ్డొచ్చిందో! దొంగల భయం ఉందంటే కాదనను. 2017 మేలో వన్నాక్రై వైరస్ ఎస్‌ఎంబీ1 అనే ఈ పాత షేరింగ్ దారిలో దూరే లోకాన్నంతా ఏడిపించింది. ఆ దారి మూసేశారు, మంచిదే. కానీ మా ఇంట్లో ఉన్న దొంగ ఎవరండీ, మామ్మా?

సరే, మేడ మీద ఆ ఫోల్డర్ ప్రాపర్టీస్‌లోకి వెళ్లి షేరింగ్ ట్యాబ్‌లో "ఎవ్రీవన్" అని పెట్టాను. ఎవ్రీవన్ అంటే అందరూ కదా? కాదట. పక్కనే సెక్యూరిటీ ట్యాబ్ ఉందట, అక్కడా అనుమతి ఉండాలట, రెండింట్లో ఏది పిసినారిదైతే దాని మాటే చెల్లుతుందట. అది తెరిచాను. అక్కడ దొరికారు తమరు!

ఫోల్డర్ ఓనర్ పేరు ఉండాల్సిన చోట ఎస్-1-5-21 అని మొదలై, లైను చివరి దాకా పాకిన నంబరు. నిరుడు విండోస్ తీసేసి మళ్లీ వేయించినప్పుడు మాయమైపోయిన పాత ఖాతా అది. మనిషి పోయాడు, పట్టా ఇంకా అతని పేరునే ఉంది. అతను కూడా నేనే! నా ఆస్తి నా పేరున ఉండగా, నేను నేను కానని, నన్ను నా దగ్గరికే పొమ్మని తిప్పుతావా? ఒక మధ్యాహ్నం, ఒక నిద్ర, రెండు టీలు, మెట్లెక్కి దిగి నా మోకాళ్లు కూడా మామ్మ మోకాళ్లలా అయ్యాయి. "ఓనర్ లేడు, అందుకే తెరవడం లేదు" అని ఒక్క ముక్క చెప్పడానికి నోరు రాలేదా నీకు? "సంప్రదించండి" అట! ఫోన్ నంబరు రాయి మరి, ఎక్కడ సంప్రదించాలో!

ఓనర్ పేరు మార్చాను, లోపలున్నవాటికీ వర్తించేలా టిక్కు పెట్టాను. పాస్‌వర్డ్ గొడవ లేకుండా మేడ మీద సీపీయూలో మామ్మ పేరున ఒక లోకల్ ఖాతా తెరిచి, షేరింగ్‌లోనూ సెక్యూరిటీలోనూ ఆవిడకి "రీడ్" ఇచ్చాను. కింద ఆ పెట్టెలో మేడ మీద కంప్యూటర్ పేరు, వెనక్కి వాలిన గీత (బ్యాక్‌స్లాష్), మామ్మ పేరు, పాస్‌వర్డ్ కొట్టి, గుర్తుంచుకో అని టిక్కు పెట్టాను. తెరుచుకుంది. మామ్మ చూసింది, మళ్లీ పెట్టమంది, మానుని వెనక్కి తిప్పి చూపించమంది.

కాబట్టి ఈ అర్జీకి జవాబు అక్కర్లేదు. వచ్చే అప్‌డేట్‌లో ఆ ఖాతా జోలికి వస్తే మాత్రం నా దగ్గరికి రావద్దు, నేరుగా మామ్మనే సంప్రదించండి. రోజంతా హాల్లోనే ఉంటుంది.

ఇట్లు,
తమరి రికార్డుల ప్రకారం, తమరే