ఫ్రెండ్ ఛాతీకి ఎలక్ట్రోడ్ అతికించే ముందు

ఏటా బీటెక్ ఫైనల్ ఇయర్ ప్రాజెక్టుల సీజన్‌లో మన ఇంజినీరింగ్ కాలేజీల ల్యాబుల్లో మనుషుల మీద ప్రయోగాలు జరుగుతుంటాయి. మాట కటువుగా అనిపించినా జరిగేది అదే. గుండె విద్యుత్ సంకేతాలు పట్టే ఏడీ8232 చిప్ ఉన్న ఈసీజీ బోర్డు, వాటిని చదివే ఆర్డ్యుయినో అనే చిన్న కంప్యూటర్ బోర్డు, మూడు ఎలక్ట్రోడ్లు, ఒక హాస్టల్ రూమ్మేట్. లేదంటే మెదడు సంకేతాలు చదివి డ్రైవర్ నిద్రమత్తు పసిగట్టే ఈఈజీ హెడ్‌సెట్, అది తగిలించుకుని కూర్చున్న జూనియర్లు. సర్క్యూట్ గురించి నెలల తరబడి తలలు పట్టుకున్న పిల్లలు ఆ తీగకు అటు చివర ఉన్న మనిషి గురించి ఆలోచించేది ఎప్పుడో ఆఖరి వారంలో. దీనికి వాళ్లను తిట్టి లాభం లేదు, చాలాచోట్ల వాళ్లకు ఎవరూ చెప్పరు.

ముందు కరెంటు సంగతి. 'బోర్డు నడిచేది మూడు వోల్టుల మీదే కదా' అనుకుంటారు. బోర్డు సరే, దాన్ని యూఎస్‌బీతో ల్యాప్‌టాప్‌కు కలిపి, ల్యాప్‌టాప్‌ను చార్జింగ్‌కు పెడితే ఆ మనిషి ఛాతీకీ గోడలోని 230 వోల్టులకూ మధ్య ఉన్నది ఒక్క చార్జర్. రోగి శరీరానికి తగిలించే, కానీ నేరుగా గుండెకు కాని బీఎఫ్ రకం పరికరాల నుంచి మామూలుగా లీకయ్యే కరెంటు 100 మైక్రోఆంపియర్లు దాటకూడదని అంతర్జాతీయ వైద్య పరికరాల ప్రమాణం చెబుతుంది. మామూలు ల్యాప్‌టాప్ చార్జర్‌ను ఆ లెక్కకు తయారుచేయరు. అందుకే రీడింగ్ తీసేటప్పుడు చార్జర్ పీకేయాలి, వీలైతే బోర్డును బ్యాటరీ మీద నడిపి డేటాను బ్లూటూత్‌లో పంపాలి. ఇలా చేస్తే కరెంటు లైను నుంచి సిగ్నల్‌లో కలిసే 50 హెర్ట్‌జ్ నాయిస్ కూడా బాగా తగ్గుతుంది.

మెరిసే లైట్లతో ఈఈజీ ప్రాజెక్టు చేసేవాళ్లు ఇంకా జాగ్రత్తగా ఉండాలి. 1997 డిసెంబరులో జపాన్‌లో ఒక పోకెమాన్ ఎపిసోడ్‌లో ఎరుపు, నీలం రంగులు సెకనుకు సుమారు 12 సార్లు మెరిస్తే, మూర్ఛ లాంటి లక్షణాలతో దాదాపు 685 మంది పిల్లలను ఆసుపత్రులకు తీసుకెళ్లాల్సి వచ్చింది. మూర్ఛ ఉందా, ఇంట్లో ఎవరికైనా ఉందా అని వాలంటీరును పక్కకు పిలిచి ముందే అడగాలి, పదిమంది ముందు కాదు.

నన్ను ఎక్కువ బాధపెట్టేది మాత్రం సమ్మతి విషయం. అందరికీ తెలిసిన 'ఒరేయ్, ఓసారి వచ్చి కూర్చో' అనే పిలుపునే మనం సమ్మతి అనుకుంటున్నాం. సీనియర్ పిలిస్తే జూనియర్ వద్దనగలడా? ఇంటర్నల్ మార్కులు వేసే సార్ అడిగితే? భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2017 మార్గదర్శకాలు విద్యార్థుల్లాంటి కింది స్థాయిలో ఉన్నవాళ్లకు ప్రత్యేక రక్షణ కావాలని చెప్పింది ఇందుకే. మన నేల మీదే దీనికి ఉదాహరణ ఉంది. 2009లో ఖమ్మం జిల్లాలో గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ను అడ్డుకునే హెచ్‌పీవీ టీకా ప్రాజెక్టు చేపట్టినప్పుడు హాస్టళ్లలో ఉన్న గిరిజన అమ్మాయిల తరఫున చాలా ఫారాల మీద వార్డెన్లు సంతకాలు పెట్టారు. ఆ సమయంలో జరిగిన మరణాలకు టీకా కారణమని విచారణలో తేలలేదు, కానీ సమ్మతి తీసుకున్న తీరును 2013లో పార్లమెంటరీ స్థాయీ సంఘం గట్టిగా తప్పుపట్టింది. ల్యాబ్ ప్రాజెక్టు అంత పెద్దది కాదు, నిజమే. అయినా ఒకరి ఒంటి గురించి వేరొకరు 'సరే' అనేయడం ఇక్కడా కనిపిస్తోంది.

కాబట్టి సమ్మతి అడిగేది ప్రాజెక్టు గైడ్ కాకూడదు. ఫారం తెలుగులో ఉండాలి, రాత్రికి తీసుకెళ్లి చదువుకోనివ్వాలి, మధ్యలో లేచి వెళ్లినా కారణం అడగకూడదు. రీడింగులు దాచే ఫైలు పేరు రోల్ నంబర్ కాకుండా ఒక కోడ్ అయ్యుండాలి. ఇంకొకటి, ఎవరూ ముందుగా అనుకోనిది: స్క్రీన్ మీద ఆ కుర్రాడి గుండె లయ తేడాగా కనిపిస్తే ఏం చేస్తారు? అది బోర్డు తప్పో, నిజంగా సమస్యో తేల్చడం విద్యార్థి పని కాదు. అప్పటికప్పుడు టెన్షన్ పడి వాడిని భయపెట్టకుండా, ఏ డాక్టరు దగ్గరికి పంపాలో ప్రయోగానికి ముందే రాసిపెట్టుకోవాలి.

ఇదంతా చూడ్డానికి, మనుషుల మీద చేసే ప్రయోగాలను ముందే పరిశీలించి అనుమతించే ఎథిక్స్ కమిటీ కావాలి. సొంత కమిటీ లేని కాలేజీ ఒప్పందం చేసుకుని వేరే సంస్థ కమిటీ సాయం తీసుకోవచ్చని ఆ ఐసీఎంఆర్ మార్గదర్శకాలే చెబుతున్నాయి, దగ్గర్లోని మెడికల్ కాలేజీని అడగొచ్చు. టైటిల్ ఖరారైన వారంలోనే దరఖాస్తు వెళ్లాలి, డెమో ముందు వెళ్తే సంతకం తప్ప ఏమీ మిగలదు. వైవాకు వచ్చే ఎక్స్‌టర్నల్స్ కూడా ప్రోగ్రామ్ కోడ్ చూపించమన్నట్టే కన్సెంట్ ఫారాలూ చూపించమని అడగాలి, వాటికి మార్కులు వేయాలి.