మూడు గుండెల పెద్దమనిషి

(హనుమకొండలో మా పక్కవాటా. గోడ పల్చన, గొంతులు పెద్దవి. నా తప్పేం లేదు.)

యాదగిరి: ఏందే ఇది? పప్పుల ఉప్పు లేదు, కారం లేదు. తొక్కు జాడీ ఏది?

సరోజన: అటకెక్కింది. ఇగ నీకు జీవితాంతం చప్పిడే.

యాదగిరి: నేనేం పాపం చేసిన?

సరోజన: నా దగ్గర దాచినవ్. పొద్దున మనవడితో ఫోన్లో అంటుంటే విన్న. “ఈత కొడితే గుండె ఆగుతది” అని! వడ్డేపల్లి చెరువు కాడికి రోజూ వాకింగ్ ఎందుకు పోతున్నవో ఇప్పుడు సమజైంది.

యాదగిరి: అది ఆక్టోపస్ గుండె! పిల్లగానికి స్కూల్ ప్రాజెక్టు. దానికి మూడు గుండెలు. రెండు మొప్పలకు రక్తం పంపుతయి, మూడోది ఒళ్లంతటికీ. ఈదేటప్పుడు ఆ మూడోది ఆగుతది. అందుకే తొందరగా అలిసిపోయి, ఎక్కువ పాకుతనే తిరుగుతది.

సరోజన: బాగనే అల్లినవ్. మరి రక్తం నీలంగా ఉందన్నది ఎవరికి?

యాదగిరి: దానికే! మన రక్తంల ఇనుము ఉంటది, దాని రక్తంల రాగి. హీమోసయనిన్ అంటరు.

సరోజన: అయ్యో! రాగి చెంబుల నీళ్లు తాగుమన్నది నేనే కదా!

యాదగిరి: నాకు కాదే తల్లీ!

సరోజన: మెదడు చేతులల్లనే ఎక్కువుందని కూడా అన్నవ్. అదొక్కటి నీ గురించి కాదని అప్పుడే తెలిసింది. గట్లుంటే నువ్వు బిగించిన నల్లా ఇంకా కారునా?

యాదగిరి: ఆక్టోపస్‌కు 50 కోట్ల దాకా న్యూరాన్లు, అంటే మెదడు, నరాల కణాలు ఉంటయి. మూడింట రెండు వంతులు చేతులల్లనే. న్యూజిలాండ్‌ల, నేపియర్ ఊరి అక్వేరియంల ఇంకీ అని ఒకటుండె. రాత్రి తొట్టిలకెళ్లి బయటపడి, నేల మీద పాకి, నీళ్లు పోయే గొట్టంల దూరి సముద్రంలకు పోయింది. 2016ల పేపర్లన్నీ రాసినయి.

సరోజన: నేను కునుకు తీయంగనే నువ్వు మిర్చి బజ్జీలకు పోయినట్టు.

(బజ్జీల సంగతి వాడకట్టు అంతా ఎరుకే. నేను మాత్రం చెప్పలేదు.)

యాదగిరి: ఆస్ట్రేలియాల జెర్విస్ బే కాడ నీళ్లల్ల కెమెరాలు పెట్టి చూసిన్రట. మట్టి, గవ్వలు ఒకదాని మీద ఒకటి విసురుకుంటయట. ఎక్కువ ఆడవే.

సరోజన: గంత దూరం ఎందుకు పోయిన్రు? మనింటికొస్తే చాయ్ కూడా పోద్దును. ఆ చెంబు ఇటియ్యి.

యాదగిరి: ఇయ్య. నువ్వు తిన్నవా?

సరోజన: నీ మూడు గుండెల సంగతి విన్నంక ముద్ద దిగుతదా?

యాదగిరి: ...తల్లి ఆక్టోపస్ కూడా గంతే. తిండి మానేసి గుడ్లకు కావలి కూసుంటది. కాలిఫోర్నియా కాడ, మాంటెరీ లోతు నీళ్లల్ల ఒకటి 53 నెలలు కూసున్నది. పిల్లలు బయటికి రాంగనే పానం పోతదట.

సరోజన: దానికి 53 నెలలకైనా అయిపోయింది. నాకు నీ కావలి ఎప్పుడు ఒడుస్తదో!

యాదగిరి: ఇప్పుడన్నా నమ్మినవా? తొక్కు దించు.

సరోజన: నమ్మిన. కానీ నీ చెల్లెకు ఫోన్ చేసి ఏడ్చిన. పెద్దపల్లిల రైలెక్కింది, ఇగ కాజీపేటల దిగుతది. భద్రకాళమ్మకు నూటొక్క కొబ్బరికాయలు కూడా మొక్కిన.

యాదగిరి: ఆక్టోపస్ అని చెప్పు!

సరోజన: సముద్రంల జీవి కోసం ఓరుగల్లు అమ్మవారికి మొక్కిన్నని చెప్పాల్నా? ఊరంతా నవ్వుతది. ఆమె పోయేదాక మంచం మీద పండి మూలుగు.

యాదగిరి: ఎన్ని రోజులు? ఆకలైతే?

సరోజన: పెరటి తలుపు తీసే ఉంచుత. గొట్టాలల్ల దూరే పని లేదు. బజ్జీలు రెండే తిను. వచ్చేటప్పుడు నాకు నాలుగు పట్టుకరా.