జరిమానా కన్నా ముందు కొలత సంగతి చూడాలి

జరిమానాలు పెంచితే కాలుష్యం వెదజల్లే కంపెనీలు దారికొస్తాయని ఒక వ్యాసంలో రాశారు. సగమే ఒప్పుకుంటాను. దొరికిపోతామన్న భయం లేకపోతే ఎంత జరిమానానైనా కంపెనీ ఖర్చుల పద్దులో రాసేసుకుంటుంది.

ఫోక్స్‌వ్యాగన్ సంగతే చూడండి. పరీక్ష జరుగుతోందని కారు పసిగట్టి పొగను అదుపులో పెట్టుకునేది. రోడ్డెక్కాక మాత్రం పరిమితికి 40 రెట్ల దాకా నైట్రోజన్ ఆక్సైడ్లు వదిలేది. 2015లో విషయం బయటపడేసరికి ప్రపంచవ్యాప్తంగా అలాంటి కార్లు సుమారు 1.1 కోట్లు! చట్టం అప్పటికే కఠినంగా ఉంది, కొలిచే చోటే లోపం. ల్యాబ్ వదిలి రోడ్డు మీద కొలిచిన పరిశోధకుల వల్లే గుట్టు రట్టయింది.

ఆమ్ల వర్షాల కథ వేరు. అమెరికా 1990లో చట్టం సవరించి, ఆ వర్షాలకు కారణమయ్యే సల్ఫర్ డయాక్సైడ్‌ను విద్యుత్ కేంద్రాలు మొత్తం ఎంత వదలొచ్చో పరిమితి పెట్టింది. తక్కువ వదిలినవాళ్లు మిగిలిన పర్మిట్లు (ఆ వాయువు వదలడానికి ఇచ్చే అనుమతులు) అమ్ముకోవచ్చు. అందరూ ఈ అమ్మకాల గురించే మాట్లాడతారు గానీ, నాకు నచ్చింది ఇంకొకటి. చిమ్నీల దగ్గరే నిరంతరం కొలిచే యంత్రాలు పెట్టించారు. పరిమితి దాటితే టన్నుకు 2,000 డాలర్ల జరిమానా, పైగా దాటినంత మేర తర్వాతి కోటాలో కోత. పర్మిట్ కొనుక్కుంటే మొదటి ఏళ్లలో అంతకన్నా చాలా తక్కువలో పోయేది. ఇక తప్పు చేసి మిగుల్చుకునేదేముంది? (జరిమానా అప్పీళ్లలో ఏళ్ల తరబడి నానితే ఆ పదునూ పోతుందనుకోండి.)

మరి చిన్న యూనిట్లకు ఈ యంత్రాల ఖర్చు ఎవరు భరించాలి? వ్యాసంలో ఆ ఊసే లేదు.