లొంగని మూర్ఛ, మూడు మందులు: ఒక వాదోపవాదం

పూర్వపక్షి: మందులు కలిపి ఇవ్వాలనే మీరు, ఒక మందుకి లొంగని మూర్ఛ రెంటికి లొంగిందనగానే సంబరపడతారు. లామోట్రిజిన్ అనే మూర్ఛ మందుకి వాల్‌ప్రోయేట్ అనే ఇంకో మందు తోడైతే మనుషుల రక్తంలో లామోట్రిజిన్ దాదాపు రెట్టింపవుతుంది, కాలేయం దాన్ని వదిలించుకోలేదు కాబట్టి. అది జోడీ మహిమా, డోసు పెంచడమా?

సిద్ధాంతి: స్థాయిలు కొలవని ప్రయోగాన్ని నేనూ లెక్కలోకి తీసుకోను. రక్తంలోనూ మెదడులోనూ కొలిచాకే మాట్లాడదాం.

పూర్వపక్షి: కొలిచారనే అనుకోండి. కరెంటుతో ఫిట్ తెప్పించి మందుని పరీక్షించే 6 హెర్ట్జ్ పరీక్షలో చిట్టెలుకకి 44 మిల్లీయాంపియర్ల కరెంటు ఇస్తే, 32 దగ్గర పనిచేసిన మందులు చాలావరకు చతికిలబడతాయి. నిజమే. కానీ ఆ చిట్టెలుక మెదడుకి అసలు జబ్బే లేదు కదా!

సిద్ధాంతి: అందుకే అది తొలి జల్లెడ మాత్రమే. నా వాదనంతా స్టేటస్ ఎపిలెప్టికస్ మీద, అంటే ఆగకుండా సాగే ఫిట్ మీద. ఎలుకకి కిలోకి 3 మిల్లీఈక్వివలెంట్ల లిథియం క్లోరైడు ఇస్తారు. మర్నాడు మిథైల్‌స్కోపోలమిన్, ఆ తర్వాత అరగంటకి ఫిట్ తెప్పించే పైలోకార్పిన్. మిథైల్‌స్కోపోలమిన్ మెదడులోకి పెద్దగా వెళ్లదు, చొంగా విరేచనాలూ ఆపుతుందంతే. ఫిట్ మొదలైన తొలి నిమిషాల్లో డయజెపాం పనిచేస్తుంది. అదే డోసు నలభై నిమిషాలు దాటాక పట్టదు. ఈలోపు మెదడుని శాంతపరిచే గాబా-ఏ గ్రాహకాలు నాడీకణాలు కలిసే చోటు, అంటే సినాప్సు నుంచి కణం లోపలికి జారుకుంటాయి, ఉద్రేకపరిచే ఎన్‌ఎండీఏ గ్రాహకాలు పైకొచ్చి చేరతాయి. తలుపులే తగ్గాక తాళంచెవులు పెంచి లాభమేంటి? అందుకే మిగిలిన గాబా గ్రాహకాలకి మిడజోలం, ఎన్‌ఎండీఏకి కెటమిన్, వేరే దారిలో పనిచేసే వాల్‌ప్రోయేట్, మూడూ ఒకేసారి ఇవ్వాలి. ఒకటి విఫలమయ్యాక ఇంకోటి అంటూ వరసన పోతే గ్రాహకాలు మన కోసం ఆగవు. 2019లో వెలువడిన ఈఎస్ఈటీటీ అనే, రోగుల మీద చేసిన ప్రయోగం ఫలితాలు చూడండి: డయజెపాం, మిడజోలం లాంటి బెంజోడయజెపిన్లకి లొంగని రోగుల్లో లెవెటిరాసిటం, ఫాస్‌ఫెనిటోయిన్, వాల్‌ప్రోయేట్‌లలో ఏ ఒక్కటీ సగం మందికి మించి పనిచేయలేదు.

పూర్వపక్షి: లెవెటిరాసిటం అన్నారు గనుక అడుగుతున్నా. మనిషి రక్తంలో అది సగమవడానికి 6 నుంచి 8 గంటలు పడితే ఎలుకలో 2, 3 గంటలే. రోజుకి రెండు సూదులేసి ‘ఈ ఎలుక మందుకి లొంగలేదు’ అని రాసేవాళ్లని ఏమనాలి?

సిద్ధాంతి: చర్మం కింద పంపు పెట్టుకోమనాలి. అది దీర్ఘకాలిక మూర్ఛ తగువు, ఇక్కడికెందుకు?

పూర్వపక్షి: ఎందుకేమిటండీ! అక్కడ ఫిట్స్ గుంపులుగా వస్తాయి. వారమే రికార్డు చేస్తే ప్రశాంతంగా గడిచిన వారం కాస్తా మందు ఖాతాలో పడుతుంది.

సిద్ధాంతి: మందుకి ముందూ తర్వాతా వారాల తరబడి వీడియో-ఈఈజీ, అంటే వీడియోతో పాటు మెదడు విద్యుత్ రికార్డు తీయండి. ఇక నా మూడు మందుల సంగతికి రండి.

పూర్వపక్షి: వస్తున్నా. మిడజోలం ఎలుక ఒంటి వేడిని దించేస్తుంది. చల్లబడ్డ మెదడులో ఫిట్ ఎలాగూ నెమ్మదిస్తుంది. ఆగింది మందు వల్లనా, చలి వల్లనా?

సిద్ధాంతి: గట్టి ప్రశ్నే. హీటింగ్ ప్యాడ్ మీద 37 డిగ్రీల దగ్గర పట్టి ఉంచాలి, కంట్రోల్ గుంపుని కూడా. ఇంకో షరతు నేనే పెడతాను: మూడు మందుల గుంపుని మామూలు డోసు మిడజోలంతో పోల్చొద్దు, మూడు రెట్ల డోసుతో పోల్చండి. అప్పుడూ ఈఈజీ మూడు మందుల వైపే నిలిస్తే ఒప్పుకుంటారా?

పూర్వపక్షి: ముందు ఊపిరీ రక్తపోటూ ఎలా ఉన్నాయో చూపించండి.